పిల్లిమొగ్గ నుంచి గాల్లో పల్టీ దాకా...

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాక పెద్దవాళ్లు కాస్త నడుం వాల్చారు. ఇంతలో హాల్లోంచి ‘ధన్’మని చప్పుడు. ఆ వెంటనే నాయనమ్మ కేక... ‘ఏమైందే తల్లీ?’ పరుగెత్తుకెళ్లి చూస్తే సోఫా దిండ్లన్నీ నేలమీద ఉన్నాయి. వాటి మధ్యలో తొమ్మిదేళ్ల పాప, మోచెయ్యి పట్టుకుని! ‘ఏం కాలేదు నాయనమ్మా... ఫోన్లో చూశాను. వెనక్కి పల్టీ కొడదామనీ...’

దెబ్బ గట్టిగా తగల్లేదు కాబట్టి సరిపోయింది. పిల్లలున్న ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు జరిగే తతంగమే ఇది. మంచం మీంచి దూకడం, గోడకి కాళ్లు ఆన్చి తలకిందులుగా నిలబడటం, డాబా మీద బండిచక్రాలు తిరగడం... వాళ్లకదో సరదా. తిట్టి కూర్చోబెడితే ఆ ఉత్సాహం చచ్చిపోతుంది. చూసీచూడనట్టు ఊరుకుంటే చెయ్యో కాలో విరుగుతుంది. మరేం చెయ్యాలి?

నేర్పించాలి. పద్ధతిగా, మెట్టు తర్వాత మెట్టు!

ఫోన్లో పాప చూసిన వెనక్కి పల్టీ నిడివి సెకనుకు కాస్త అటూ ఇటూ. ఆ సెకను వెనక ఏళ్ల సాధన ఉంటుంది. అది మాత్రం వీడియోలో కనిపించదు. జిమ్నాస్టిక్స్‌ని పైనుంచి చూస్తే ఇంద్రజాలంలా ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే అదో నిచ్చెన. పై మెట్టులోని ప్రతి కదలికా కింది మెట్లలో నేర్చుకున్నదే. ఆ మెట్లేమిటో అమ్మానాన్నలకి తెలిస్తే, పిల్లల్ని ఎప్పుడు ప్రోత్సహించాలో ఎక్కడ ఆపాలో కూడా తెలుస్తుంది.

మొదటి పాఠం... పడటం!

మంచి కోచ్ దగ్గరికి వెళ్లిన పిల్లలు మొదటివారం ఇంటికొచ్చి చెప్పే మాట ఒకటే... ‘ఇవాళ కూడా గెంతులే వేయించారు’. నిజమే. గెంతి ఎలా దిగాలన్నదే మొదటి పాఠం. రెండు పాదాలూ ఒకేసారి నేలకు తాకాలి. మోకాళ్లు కొద్దిగా వంగాలి కానీ లోపలికి ఒకదానికొకటి ఒరుసుకోకూడదు. చేతులు ముందుకు చాచి, కదలకుండా ఒక క్షణం నిలబడాలి. ముందు నేలమీద, తర్వాత చిన్న పెట్టె మీంచి, ఆ తర్వాత కాస్త ఎత్తు నుంచి.

దాంతోపాటే పడటం కూడా నేర్పుతారు. వెనక్కి పడుతున్నప్పుడు ఎవరికైనా చెయ్యి వెనక్కి వెళ్లి నేలకు ఆనుతుంది. శరీరం బరువంతా ఆ బిగుసుకున్న చెయ్యి మీద పడుతుంది. మణికట్టో మోచెయ్యో విరిగేది అప్పుడే. అందుకే గడ్డాన్ని ఛాతీకి ఆన్చి, వీపు గుండ్రంగా చేసి దొర్లిపోవడం అలవాటు చేయిస్తారు. మన పాప దిండ్ల మధ్య మోచెయ్యి పట్టుకుని కూర్చోవడానికి కారణం పల్టీ రాకపోవడం కాదు, పడటం రాకపోవడం!

పిల్లిమొగ్గంటే చులకనా?

పల్లెటూళ్లో గడ్డివాము దగ్గర పెరిగినవాళ్లకి పిల్లిమొగ్గ వేయడం ఎవరూ నేర్పలేదు. కాకపోతే జిమ్నాస్టిక్స్‌లో దానికో లెక్క ఉంది. గొంతుక్కూర్చుని అరచేతులు నేలకు ఆనించాలి. గడ్డం ఛాతీకి తగలాలి. నడుం పైకి లేచాక నేలకు తాకాల్సింది నడినెత్తి కాదు, మెడ వెనక భాగం, భుజాలు. అక్కణ్నుంచి వీపంతా బండిచక్రంలా దొర్లి, చేతులు నేలకు ఆన్చకుండానే లేచి నిలబడాలి. ఆ చివరి ముక్కే కష్టం. చాలామంది పిల్లలకి దానికే వారాలు పడుతుంది.

నేరుగా రాకపోతే వాలుగా ఉండే మ్యాట్ మీద మొదలుపెడతారు. వాలే సగం పని చేసిపెడుతుంది కాబట్టి భయం పోతుంది. వెనక్కి దొర్లడం మరో మెట్టు. ఇందులో మెడ మీద బరువు పడే ప్రమాదం ఎక్కువ. చెవుల పక్కన అరచేతులు పెట్టి నేలను గట్టిగా తోయగలిగే బలం వచ్చేదాకా వాలు మ్యాట్ మీదే చేయించాలి.

పనికిరాని పిల్లిమొగ్గ కోసం ఇంత హంగామా ఎందుకనిపించొచ్చు. కానీ గాల్లో కొట్టే ముందు పల్టీ కూడా పిల్లిమొగ్గే... నేల లేదంతే!

పడవలా ఉండాలి

పిల్లలకి ఇది అసలు నచ్చదు. చూసేవాళ్లకీ ఏమీ అర్థం కాదు. వెల్లకిలా పడుకుని, నడుం నేలకు అతుక్కుని ఉండగానే భుజాలూ కాళ్లూ కొంచెం పైకి లేపి అలాగే ఉండాలి. మనిషి అరటిదొన్నెలా, చిన్న పడవలా కనిపించాలి. మొదట్లో 10 సెకన్లకే పొట్ట వణుకుతుంది. 30 సెకన్లు వణక్కుండా ఉండగలిగితే అప్పుడు తర్వాతి పాఠం. ఆ తర్వాత బోర్లా పడుకుని దీనికి వ్యతిరేకంగా విల్లులా వంగడం.

ఈ రెండు ఆకారాలే జిమ్నాస్టిక్స్‌కి అఆలు. బార్ మీద ఊగేటప్పుడూ, చేతుల మీద నిలబడినప్పుడూ, గాల్లో తిరిగేటప్పుడూ శరీరం ఈ రెండింటి మధ్యే మారుతూ ఉంటుంది. పొట్ట, నడుం వదులైపోయిన శరీరం గాల్లో బియ్యం బస్తాలాంటిది. ఎటు వాలుతుందో దానికే తెలీదు.

చేతుల మీద నిలబడితే...

శీర్షాసనం వేరు, ఇది వేరు. ఇక్కడ తల నేలకు తగలదు. బరువంతా అరచేతులదే. గోడవైపు పొట్ట ఉండేలా చేతులు నేలమీద ఆన్చి, కాళ్లతో గోడెక్కడంతో మొదలవుతుంది. చెవులకు భుజాలు తగిలేంతగా నేలను తోయాలి. కాలివేళ్ల దాకా ఒకే గీతలా ఉండాలి. గోడకి వీపు పెట్టి చేస్తే నడుం వంగిపోతుంది. ఆ వంకర అలవాటైతే మాన్పించడం కష్టం.

గోడ వదిలే ముందు తెలియాల్సింది ఒకటుంది. తూలితే ఎలా దిగాలి? ఒక చెయ్యి పక్కకి వేసి నడుం తిప్పి, పక్కకి కాళ్లు దింపేయాలి. ఈ తప్పించుకునే దారి ముందు నేర్పి, నిలబడటం తర్వాత నేర్పే కోచ్ దొరికితే అదృష్టమే. అన్నట్టు, మణికట్లకి ఇదంతా కొత్త. మనిషి మణికట్టు నడవడానికి పుట్టలేదు కదా! రోజూ సాధనకి ముందు వాటిని వంచి, తిప్పి, కొద్దికొద్దిగా బరువు మోపి సిద్ధం చెయ్యాలి. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో మెత్తటి ఎదుగుదల భాగం ఉంటుంది. మితిమీరిన సాధన దానిమీద ఒత్తిడి పెడుతుంది. మణికట్టులోగానీ మడమలోగానీ నొప్పి రోజుల తరబడి ఉంటే ‘అలవాటైపోతుందిలే’ అనుకోకూడదు. సాధన ఆపి డాక్టరుకి చూపించాల్సిందే.

బండిచక్రం... ఆ తర్వాత!

నేలమీద సుద్దముక్కతో ఒక గీత గీస్తారు. చెయ్యి, చెయ్యి, కాలు, కాలు... నాలుగూ వరసగా ఆ గీత మీదే పడాలి. అదే కార్ట్‌వీల్, మన బండిచక్రం. చేతుల మీద నిలబడటం వచ్చినవాళ్లకి ఇది సులువు. రానివాళ్ల కాళ్లు ఆకాశంలోకి వెళ్లకుండా పక్కనుంచి దొంగలా దాటిపోతాయి!

బండిచక్రం మధ్యలో కాళ్లు రెండూ గాల్లోనే దగ్గరికి చేర్చి, వచ్చిన దారివైపు మొహం పెట్టి ఒకేసారి దిగితే అది రౌండాఫ్. చూడ్డానికి చిన్న తేడానే. కానీ ఫ్లోర్ మీద జిమ్నాస్ట్ చేసే వరస విన్యాసాలకి తలుపు తెరిచేది ఇదే. ముందుకు పరుగెత్తుకొచ్చిన వేగాన్ని వెనక్కి తిరిగే వేగంగా మార్చేస్తుంది. టీవీలో ఈసారి గమనించండి. పెద్దపెద్ద వెనక పల్టీల ముందు దాదాపు ప్రతిసారీ ఓ రౌండాఫ్ ఉంటుంది.

మరోపక్క చక్రాసనం కూడా సాగుతూ ఉంటుంది. భుజాలు తెరుచుకునేలా వంగడం, అక్కణ్నుంచి ఒక్కో కాలూ దాటించి లేవడం, నిలబడి మెల్లగా వెనక్కి వంగి చేతుల మీదుగా దాటడం... ఇవన్నీ నెమ్మదిగా చేసేవి. వాటికి వేగం తోడైతే బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్. అంటే వెనక్కి గెంతి, చేతుల మీద పడి, మళ్లీ కాళ్ల మీదకి రావడం. దీన్ని మొదట పీపాలాంటి గుండ్రటి మ్యాట్ మీద వెనక్కి దొర్లిస్తూ నేర్పుతారు. తర్వాత కోచ్ ఒక చెయ్యి నడుం కింద, ఒక చెయ్యి తొడ వెనక వేసి దాటిస్తారు. ఎన్నోసార్లు అలా చేశాక ఒకరోజు ఆ చెయ్యి తగలదు. పిల్లలకి ఆ సంగతి దిగాక గానీ తెలీదు. ఆ క్షణంలో వాళ్ల మొహం చూడాలి!

ఇప్పుడు గాల్లోకి

సోఫా దిండ్ల మీద పాప ప్రయత్నించిన వెనక్కి పల్టీ నిచ్చెనలో ఇక్కడుంది. దానికి చేతుల ఆసరా లేదు. ముందు నిటారుగా పైకి ఎగరాలి. ఎగరడం పూర్తయ్యాక మోకాళ్లు ఛాతీ దగ్గరికి రావాలి. కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే. భయంతో ఎగరకముందే తల వెనక్కి విసిరేస్తారు. దాంతో ఎత్తు పోతుంది, తిరగడానికి టైము చాలదు. అప్పుడు నేలకు తగిలేది కాళ్లు కాదు.

అందుకే ఈ మెట్టుకి చాలా ఏర్పాట్లుంటాయి. స్పాంజి ముక్కలతో నింపిన గొయ్యి, నడుముకి బెల్టు కట్టి పైకప్పు నుంచి వేలాడదీసే తాళ్లు, పక్కన కోచ్. ఇవేవీ లేకుండా డాబా మీదా, పరుపు మీదా చేయడం సాహసం కాదు, తొందరపాటు. పరుపు మెత్తగా ఉంటుంది కాబట్టి భద్రం అనుకుంటాం. కానీ మెత్తటి దాని మీంచి సరిగ్గా ఎగరలేం, దిగినప్పుడు చీలమండ మడతపడుతుంది. ఇంట్లో వాడే ట్రాంపొలిన్లదీ అదే కథ. ఒకేసారి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఎక్కి గెంతినప్పుడే ఎక్కువ దెబ్బలు తగులుతుంటాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం వాటిని ఇళ్లలో వాడొద్దనే చెబుతోంది.

ముడుచుకుని పల్టీ వచ్చాక, నిటారు శరీరంతో పల్టీ. దానికి ఒక మెలిక, తర్వాత రెండు. ఆపైన రెండేసి పల్టీలు. అక్కడికి చేరేది కొద్దిమందే. చేరకపోయినా నష్టం లేదు. కింది మెట్ల మీద సంపాదించిన బలం, ఒడుపు, ధైర్యం ఎక్కడికీ పోవు.

గీత మీద నడిచి... బీమ్ మీదకి

పరికరాల దగ్గరా ఇదే వరస. అమ్మాయిలకి వాల్ట్, అన్‌ఈవెన్ బార్స్, బీమ్, ఫ్లోర్ అని నాలుగు అంశాలు. అబ్బాయిలకి ఫ్లోర్, పామెల్ హార్స్, రింగ్స్, వాల్ట్, ప్యారలల్ బార్స్, హై బార్ అని ఆరు. బీమ్ పొడవు 5 మీటర్లు, ఎత్తు 125 సెంటీమీటర్లు. వెడల్పు మాత్రం 10 సెంటీమీటర్లే! దాని మీద పల్టీలు కొట్టే అమ్మాయి మొదటిరోజు నడిచింది నేలమీద గీసిన గీత మీద. తర్వాత నేలకి ఆనించి పెట్టిన దూలం మీద. తర్వాత మోకాలెత్తు దూలం, కింద దళసరి మ్యాట్లు. గీత మీద వందసార్లు తప్పు లేకుండా చేసిందే పైన ఒకసారి చెయ్యనిస్తారు.

కొలతకి ఇక్కడ ఎంత విలువుందో 2000 సిడ్నీ ఒలింపిక్స్ చెబుతుంది. అమ్మాయిల వ్యక్తిగత ఆల్‌రౌండ్ ఫైనల్లో వాల్ట్ పరికరాన్ని పొరపాటున 5 సెంటీమీటర్లు తక్కువ ఎత్తులో బిగించారు. ప్రపంచంలోని మేటి జిమ్నాస్టులు ఒకరి తర్వాత ఒకరు తూలిపోయారు, పడిపోయారు. తప్పు తెలిశాక సరిచేసి, ముందు చేసినవాళ్లకి మరో అవకాశమిచ్చారు. మహామహులకే 5 సెంటీమీటర్ల తేడా అంత పనిచేస్తే, సోఫాకీ నేలకీ మధ్య కొలతే లేని చోట పసివాళ్ల సంగతేమిటి?

లెక్క కూడా అదే చెబుతోంది

‘పక్కింటి పిల్ల అప్పుడే పల్టీ కొట్టేస్తోంది, మనమ్మాయి ఇంకా బండిచక్రం దగ్గరే ఉంది’ అనుకునే అమ్మానాన్నలు మార్కుల పద్ధతి తెలుసుకోవాలి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 14 ఏళ్ల నాదియా కొమనెచి 10కి 10 తెచ్చుకున్నప్పుడు స్కోరుబోర్డులో ఆ అంకెకి చోటే లేక 1.00 అని చూపించింది. ఆ 10 మార్కుల పద్ధతి 2006లో మారిపోయింది. ఇప్పుడు కష్టానికి వేరుగా, చేసిన తీరుకి వేరుగా మార్కులేసి కలుపుతారు.

నేల, బీమ్, బార్ల మీద చేసే విన్యాసాలకి ఏ, బీ, సీ, డీ అంటూ కష్టాన్నిబట్టి అక్షరాలుంటాయి. ఏ అయితే 0.1, బీ అయితే 0.2... ఇలా ఒక్కో మెట్టుకీ 0.1 చొప్పున పెరుగుతుంది. చేసిన తీరుకి 10 మార్కుల నుంచి కోత మొదలవుతుంది. చిన్న తప్పుకి 0.1, ఓ మోస్తరు తప్పుకి 0.3, పెద్ద తప్పుకి 0.5. కిందపడితే ఏకంగా 1 మార్కు! అంటే సరిగ్గా రాని పై మెట్టు విన్యాసం చేస్తే వచ్చే లాభం 0.1. అది చేస్తూ మోకాళ్లు బాగా వంగితే పోయేది అంతకు మించి. పడిపోతే పదింతలు. తొందరపడ్డవాళ్లు పోటీలో కూడా నష్టపోయేలాగే ఉంది లెక్క.

చదును పాదాల నుంచి రియో దాకా

త్రిపురలోని అగర్తలాలో దీపా కర్మాకర్ ఆరేళ్ల వయసులో జిమ్నాస్టిక్స్ మొదలుపెట్టింది. తండ్రి వెయిట్‌లిఫ్టింగ్ కోచ్. చిన్నారికి చదును పాదాలు. అంటే అరికాలి మధ్యలో ఉండాల్సిన వంపు లేదు. పరుగెత్తి, ఎగిరి, గట్టిగా దిగాల్సిన ఆటకి అది పెద్ద లోపమే. పల్టీలు నేర్పకముందు ఆ పాదాన్ని బాగుచేసే వ్యాయామాలతో ఏళ్లు గడిచాయి. మొదట సోమా నంది, తర్వాత ఆమె భర్త బిశ్వేశ్వర్ నంది ఓపిగ్గా శిక్షణ ఇచ్చారు.

ఫలితం దేశమంతా చూసింది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వాల్ట్‌లో కాంస్యం. 2016 రియో ఒలింపిక్స్‌కి అర్హత... భారత మహిళా జిమ్నాస్టుల్లో ఆమే మొదటిది. రియో ఫైనల్లో ఎంచుకున్నది ప్రొడునొవా. వాల్ట్ మీద చేతులాన్చి ఎగిరి, ముందుకు రెండు పల్టీలు కొట్టి దిగడం. దాన్ని పోటీల్లో చేసిన మహిళల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దీపా స్కోరు 15.066, నాలుగో స్థానం. కాంస్యం తప్పింది 0.150 తేడాతో.

ఆ తర్వాతి కథే పిల్లలకి ఇంకా బాగా చెప్పాలి. 2017లో మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. ఏడాదిపైగా పోటీలకి దూరం. 2018లో టర్కీలోని మెర్సిన్ ప్రపంచ ఛాలెంజ్ కప్‌కి తిరిగొచ్చినప్పుడు ఆమె ప్రొడునొవా జోలికి పోలేదు. మోకాలు మోయగలిగిన తేలికపాటి వాల్ట్‌లే చేసి స్వర్ణం గెలిచింది. తర్వాత మళ్లీ గాయాలు, నిషేధిత పదార్థం పరీక్షలో తేలడంతో 21 నెలల సస్పెన్షన్. అన్నీ దాటుకుని 2024లో తాష్కెంట్ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో వాల్ట్ స్వర్ణం తెచ్చింది. అప్పటికి ఆమెకి 30 ఏళ్లు. ఆ ఏడాది అక్టోబరులో ఆటకి వీడ్కోలు చెప్పింది.

కరాటే అమ్మాయి... ప్రపంచ కప్ కంచు

మన హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డిది మరో దారి. ఆమె మొదట నేర్చింది కరాటే. కూతురి శరీరం ఎటంటే అటు వంగడం గమనించిన తండ్రి జిమ్నాస్టిక్స్‌లో చేర్పించాడు. లాల్‌బహదూర్ స్టేడియంలో సాధన. 2008లో కోచ్ గిరిరాజ్ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. 2010లో తండ్రీ పోయాడు. అయినా ఆమె నిచ్చెన దిగలేదు. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచ కప్ వాల్ట్‌లో 13.649 స్కోరుతో కాంస్యం గెలిచింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో వ్యక్తిగత పతకం సాధించిన మొదటి భారతీయురాలు ఆమే. ఆ పతకాన్ని తండ్రికే అంకితమిచ్చింది.

మెట్టు దాటేస్తే...

ఎలెనా ముఖినా పేరు ఈ తరానికి తెలీదు. 1978లో ప్రపంచ ఆల్‌రౌండ్ ఛాంపియన్ అయిన సోవియట్ అమ్మాయి. 1979లో కాలు విరిగింది. అది పూర్తిగా కుదురుకోకముందే 1980 మాస్కో ఒలింపిక్స్ కోసం సాధన మొదలైంది. థామస్ సాల్టో అనే ప్రమాదకరమైన విన్యాసం నేర్చుకోమన్నారు. వెనక్కి ఎగిరి, మెలిక తిరుగుతూ పల్టీ కొట్టి, కాళ్ల మీద కాకుండా ముందుకు దొర్లుతూ దిగాలి. కాస్త ఎత్తు తగ్గితే మెడే ముందు తగులుతుంది. తనకి భయంగా ఉందని చెప్పినా వినలేదని తర్వాతి రోజుల్లో ఆమె చెప్పుకుంది. ఒలింపిక్స్‌కి కొద్దివారాల ముందు, జులైలో, సాధన చేస్తూ పడింది. కాలిలో చాలినంత బలం లేదు, చాలినంత ఎత్తు రాలేదు. మెడ విరిగి మెడ కింద శరీరమంతా చచ్చుబడిపోయింది. అప్పటికామె వయసు 20. 2006లో చనిపోయేదాకా మంచం మీదే. ఆ విన్యాసాన్ని తర్వాత మహిళల పోటీల్లో నిషేధించారు.

దీనికి ఎదురుగా మరో దృశ్యం పెట్టి చూడాలి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ టీమ్ ఫైనల్లో వాల్ట్ చేస్తూ గాల్లో ఎటున్నదీ పోల్చుకోలేకపోయింది. రెండున్నర మెలికలు తిరగాల్సింది ఒకటిన్నరతో దిగేసింది. వెంటనే పోటీ నుంచి తప్పుకుంది. ‘దేశాన్ని ముంచింది’ అన్నవాళ్లూ ఉన్నారు. ఆమె మాత్రం వారం తర్వాత బీమ్ ఫైనల్‌కి వచ్చింది... చివర్లో దిగేటప్పుడు చేసే మెలికలు తీసేసి, మామూలు పల్టీలతో దిగి కాంస్యం తీసుకుంది. 2024 పారిస్‌లో, 27 ఏళ్ల వయసులో, మూడు స్వర్ణాలు, ఒక రజతం!

ఒకమ్మాయిని భయంగా ఉందన్నా పైకి ఎక్కించారు. ఒకమ్మాయి భయం వేసినప్పుడు ఒక మెట్టు దిగింది. దిగినామె మళ్లీ ఎక్కగలిగింది.

అమ్మానాన్నలు చూడాల్సినవి

పిల్లల్ని చేర్పించే ముందు ఒకరోజు వెళ్లి గంటసేపు కూర్చుని చూడండి. మ్యాట్లు చిరిగి, మధ్యలో ఖాళీలతో ఉన్నాయా? సాధనకి ముందు ఒళ్లు వేడెక్కేలా వ్యాయామాలు చేయిస్తున్నారా? ఒక కోచ్ ఎంతమందిని చూస్తున్నారు? కొత్తది చేసేటప్పుడు పక్కన నిలబడి ఆసరా ఇస్తున్నారా? ‘భయంగా ఉంది సార్’ అన్న పిల్లని వెక్కిరిస్తున్నారా, ఒక మెట్టు కిందకి తీసుకెళ్లి మళ్లీ చేయిస్తున్నారా? ఈ చివరి ప్రశ్నకి జవాబు దొరికితే చాలు, మిగతావన్నీ అర్థమైపోతాయి. పిల్లల్ని ఎక్కడ ఎందుకు పట్టుకుంటారో కోచ్ ముందే చెప్పాలి. అమ్మానాన్నలు వచ్చి చూడటానికి అభ్యంతరం చెప్పే చోటు మంచిది కాదు.

‘జిమ్నాస్టిక్స్ చేస్తే పొట్టిగా ఉండిపోతారట కదా’ అన్నది చాలామంది అమ్మల బెంగ. పొట్టిగా ఉన్నవాళ్లకి గాల్లో తిరగడం సులువు కాబట్టి వాళ్లే ఈ ఆటలో పై స్థాయికి చేరతారు. ఆట వల్ల పొట్టి కారు. అయితే చాలినంత తిండి పెట్టకుండా గంటలతరబడి సాధన చేయిస్తే మాత్రం ఎదుగుదల దెబ్బతింటుంది. బరువు పెరుగుతుందని పిల్లకి అన్నం తగ్గించమనే కోచ్ దగ్గర్నుంచి తీసుకొచ్చేయడమే మంచిది.

ఏ వయసులో మొదలుపెట్టాలి? ఆటగా అయితే అయిదారేళ్లకి హాయిగా పంపొచ్చు. పన్నెండేళ్లొచ్చాక చేరినా నేలమీది విన్యాసాలు చక్కగా వస్తాయి. పతకాలు అందరికీ రావు. వంగడం, పడటం, లేవడం మాత్రం అందరికీ వస్తాయి. ఇంట్లో చేయదగ్గవి కూడా ఉన్నాయి. పడవలా ఉండటం, గోడకి చేతుల మీద నిలబడటం, గీత మీద నడవడం, చిన్న పీట మీంచి దూకి కదలకుండా నిలబడటం. గాల్లోకి ఎగిరేవన్నీ కోచ్ ముందే.

ఇంకొక్క మాట. సాధన నుంచి ఇంటికొచ్చిన పిల్లని ‘పల్టీ వచ్చిందా?’ అని అడక్కండి. ఆ ఒక్క ప్రశ్న చాలు, నిచ్చెన మధ్య మెట్లు తనకి చులకనైపోతాయి. ‘ఇవాళేం చేశావు? చూపించు’ అనండి.

సోఫా దిండ్లు మళ్లీ సోఫాలోకి వెళ్లాయి. పాప మోచేతికి నాయనమ్మ కొబ్బరినూనె రాసింది. సాయంత్రానికి నేలమీద చాప పడింది. వెల్లకిలా పడుకుని, భుజాలూ కాళ్లూ లేపి, పొట్ట వణుకుతుంటే పళ్లు బిగబట్టి పాప లెక్కపెడుతోంది... ‘పదకొండు, పన్నెండు, పదమూడు...’ పక్కన కుర్చీలో నాయనమ్మ ఇంకాస్త నెమ్మదిగా లెక్కపెడుతోంది.